యెహెజ్కేలు మాస్టారి కాగితాలు

విశాఖపట్నం,
8 జూలై 2024

పెద్దత్తయ్యకు ప్రిస్కిల్లా వందనాలు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ, తిన్నానమ్మా" అని పెట్టేస్తున్నారు. నేనేం అడిగినా అదే జవాబు. అందుకని కాగితం మీదికి వచ్చాను. చెవి మిషను పెట్టుకోమని ఇక పోరను. దాన్ని బీరువాలో చీరల కింద దాచారని లోవలక్ష్మి చెప్పింది.

విషయం ఏంటంటే, నేను పనిచేసే యూనివర్సిటీలో లైబ్రరీ ఉంది కదా, అందులో పాత కాగితాలు దాచే విభాగం ఒకటుంది. ఊళ్లల్లో బళ్లూ కాలేజీలూ పెట్టినవాళ్ల ఉత్తరాలు, డైరీలు, రిజిస్టర్లు తీసుకుని, నంబర్లు వేసి, ఎవరైనా వచ్చి చదువుకునేలా పెడతారు. దాన్ని చూసే సుకుమార్ గారికి నాన్న గురించి చెప్పాను. బడి మానేసినవాళ్ల కోసం ముప్పై ఏళ్ల కిందట రామచంద్రపురంలో కమ్యూనిటీ కాలేజీ పెట్టాడని, ఇరవై రెండేళ్లు ప్రిన్సిపాల్‌గా చేశాడని. ఆయన ఆసక్తిగా విని, కాగితాలు తెస్తే తీసుకుంటామన్నారు.

కాలేజీ నడిపిన సొసైటీ వాళ్లు వేసిన పాతికేళ్ల సంచిక మీరూ చూశారు. డెబ్బై పేజీల్లో నాన్న పేరు ఒక్కచోట లేదు. డొనేషన్లు తీసుకోనన్నందుకు ఆయన్ని దింపేశారు, దింపేశాక అసలు లేనట్టే రాసుకున్నారు. కాలేజీ మూతపడింది. బిల్డింగు పడగొడతారట. నాన్న పోయి రెండేళ్లయింది. అలాంటి మనిషి ఒకడుండేవాడని చెప్పడానికి కాలేజీలో ఆయన ఆఫీసు గదిలోని ఆ మూడు ట్రంకుపెట్టెలే మిగిలాయి. ఆయన ఉండగా వాటిలో ఒక్క కాగితం నేను చదవలేదు. కాలేజీ కోసం అమ్మనీ నన్నూ పట్టించుకోలేదని పంతం. ఇప్పుడు ఆ పంతం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

నాన్న పోయినప్పటి నుంచీ ఆ గది తాళం మీ దగ్గరే ఉంది. ఆగస్టు ఆఖరుకల్లా గది ఖాళీ చేయాలట. నాకు సెప్టెంబరు దాకా సెలవు దొరకదు, పరీక్షల సెక్షన్‌లో వేశారు. ఈలోగా పెట్టెలు మీ ఇంటికి తెప్పించి, కాగితాలు పాడవకుండా భద్రం చేయించండి. అవి లైబ్రరీకి చేరితే చాలు, ఇంకేం అడగను.

మీ మేనకోడలు,
ప్రిస్కిల్లా


రామచంద్రపురం,
17 జూలై 2024

అమ్మా ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. పోస్టుమాన్ పిలిచి పిలిచి విసుగొచ్చి కిటికీలోంచి విసిరేసి పోయాడు. తీరా చూస్తే అది మజ్జిగ గిన్నెలో పడింది. నీ దస్తూరీ నీ చిన్నప్పుడు ఎలా కోడి గీకినట్టు ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. నేను నేర్పినవాళ్లలో నువ్వొక్కదానివే బాగుపడలేదు.

ఇక్కడ పది రోజులుగా వాన తెరిపివ్వలేదు. నారుమళ్లు మునిగిపోయాయి. మన చర్చి వాకిట్లో మోకాలి లోతు నీళ్లు. ఆ వానలోనే నేనూ లోవలక్ష్మీ ఆటో పెట్టుకుని వెళ్లి పెట్టెలు తెచ్చాం. ఆ పిల్ల మీ నాన్న దగ్గర నర్సింగు అసిస్టెంటు కోర్సు చదివింది కదా, ఇప్పుడు ఇక్కడే ఆస్పత్రిలో డ్యూటీ. డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుంటుంటే వద్దన్నాను. "చేపల గంప మోసిన నెత్తండి, ఇదెంతండి" అంది.

ఒక పెట్టెలో ఉత్తరాలూ రిజిస్టర్లూ ఉండేవి. చెదలు అట్టలు తప్ప ఏమీ మిగల్చలేదు. దాని ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను, దాచడం దేనికి. మిగతా రెండింటిలోనూ నాలుగు వందల పన్నెండు కాగితాలున్నాయి. తడిసి, బూజు వాసన కొడుతున్నాయి కానీ రాత కనపడుతోంది.

అవేంటో నీకు తెలుసా? మీ నాన్న పరీక్షలు పెట్టేవాడు కాదు. కోర్సు అయ్యాక ఒక్కొక్కళ్లనీ పిలిచి "చేసి చూపించు" అనేవాడు. చేసి చూపించాక, ఆ మనిషికి ఏం వచ్చో ఒక కాగితం మీద ఇంకు పెన్నుతో రాసుకునేవాడు. సర్టిఫికెట్ వేరే. ఇది ఎవరికీ ఇచ్చేవాడు కాదు, చూపించేవాడు కాదు. లోవలక్ష్మిది దొరికితే పైకి చదివాను. "చదువు ఏడో తరగతి. ఈ రోజు నా చేతికే సూది గుచ్చింది, నొప్పి తెలియలేదు. మంచాన పడ్డవాళ్లను పక్కకు తిప్పడం వచ్చు. తొందర ఎక్కువ. కానీ రోగి దగ్గర తొందర పడదు, బయటే." అది విని ఆ పిల్ల నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. ఊళ్లో ఈ సంగతి పాకింది. ఇప్పుడు రోజుకొకరు వచ్చి "మా కాగితంలో ఏం రాశారండి మాస్టారు" అని అడుగుతున్నారు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పాస్టరమ్మగారు నా చెవి దగ్గర నోరు పెట్టి మరీ అన్నారు, "ఆ కాగితాలు పట్టుకుని మీ మేనకోడలు కాలేజీ స్థలం మీద కేసు వేస్తదంట కదండి" అని. అలాంటి ఆలోచన ఉంటే ముందే చెప్పు. ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కలేను.

భద్రం చేయించమన్నావు కదా, చేయిస్తాను. ఎలాగో ఇప్పుడు చెప్పను. వచ్చి చూసి మెచ్చుకుందువు గాని.

మీ నాన్నకు అక్క, నీకు అత్త,
పాపాయమ్మ


విశాఖపట్నం,
26 జూలై 2024

అత్తయ్యకు,

కోపం తెచ్చుకోవద్దని రాశారు. తెచ్చుకున్నాను. ఆ స్థలంలో నాకు గజం అక్కర్లేదు. పాస్టరమ్మగారు అన్నది సరే, మీరెలా నమ్మారు? నాన్న చెప్పులు కూడా ఆ సొసైటీకే వదిలేసి వచ్చిన మనిషి. ఆయన కూతురు కోర్టుకెళుతుందా?

ఆ కాగితాల గురించి మీరు రాసింది మాత్రం సుకుమార్ గారికి చదివి వినిపించాను. ఇలాంటివి తమ దగ్గర ఇంతవరకూ లేవన్నారు. ప్రతి మనిషి మీదా ఒక కాగితం, అదీ ఆయన సొంత చేతిరాతలో. ఎలాగైనా తెమ్మన్నారు. జాగ్రత్తలు కూడా చెప్పారు, తప్పకుండా పాటించండి. ఎండలో పెట్టొద్దు. నీడలో, గాలికి, ఒక్కొక్కటి విడివిడిగా ఆరబెట్టాలి. గుండుసూదులు, జిగురు, టేపు వద్దు. ల్యామినేషన్ అస్సలు చేయించవద్దు. ఆరాక పాత నూలు చీరలో చుట్టి ఎత్తు మీద పెడితే చాలు.

మీరు తిన్నారో లేదో ఈసారి నిజంగా రాయండి.

ప్రిస్కిల్లా


రామచంద్రపురం,
29 జూలై 2024

పిల్లా,

నీ జవాబు ఇంకా రాలేదు. అలిగావని తెలుసు, స్థలం మాట అడగకుండా ఉండాల్సింది. దాని బదులు మంచి కబురు చెబుతాను.

పని అయిపోయింది. నాలుగు వందల పన్నెండుకి నాలుగు వందల పన్నెండూ ల్యామినేషన్ చేయించాను.

మెయిన్ రోడ్డులో సురేంద్ర జిరాక్సు కొట్టుంది. వాడు మీ నాన్న రెండో బ్యాచి, కంప్యూటరు అక్కడే నేర్చుకున్నాడు. కాగితాలు చూపించి ఇవి కలకాలం ఉండాలిరా అన్నాను. మూడు రోజులు కొట్టుకి వచ్చినవాళ్లని వెనక్కి పంపి ఇదే పని చేశాడు. పైసా తీసుకోలేదు సరికదా, నాకు ఇడ్లీ తెప్పించి పెట్టాడు. ఎండ లేదు కదా, ముందు రోజు ఇంట్లో ఫ్యాను కింద పరిచాం. కొన్ని ఇంకా చెమ్మగానే ఉంటే, "మెషిను వేడికి అదే ఆరిపోద్దిలెండి అమ్మగారూ" అన్నాడు. అయ్యాక ఒకదాని మీద గ్లాసుడు నీళ్లు గుమ్మరించి చూపించాడు. చుక్క అంటలేదు. ఇక గోదావరి నా వంటింట్లోకి వచ్చినా నాకు బెంగ లేదు.

నా టీచర్ ట్రైనింగు సర్టిఫికెట్ అలా చేయించబట్టే కదా యాభై ఏళ్లయినా కొత్తగా ఉంది. మన వాళ్లు ఒక కాగితం కోసం ఎంత తిరిగితే వస్తుందో నీకు తెలియదు. వచ్చిన కాగితాన్ని మొట్టమొదట ల్యామినేషన్ చేయించుకుంటాం, ఆ తర్వాతే ప్రార్థన.

పడవల ఇంజన్లు బాగుచేసే పెదబాబు వచ్చాడు. వాడి కాగితంలో "ఇంజన్ చప్పుడు విని జబ్బు చెబుతాడు. అబద్ధం చెబితే వెంటనే దొరికిపోతాడు, అంచేత నమ్మవచ్చు" అని ఉంది. రెండుసార్లు చదివించుకున్నాడు.

మీ అత్త ఇంకా పనికొస్తుందని ఒప్పుకో.

పాపాయమ్మ


రామచంద్రపురం,
2 ఆగస్టు 2024

ప్రిస్కిల్లా,

నీ 26వ తారీఖు ఉత్తరం ఈ రోజు వచ్చింది. ల్యామినేషన్ వద్దని ఉంది. ఎందుకు వద్దు? నువ్వు ముందే ఎందుకు రాయలేదు? ఏమైనా అవుతుందా? సురేంద్రకు చెప్పలేదు. వెంటనే జవాబు రాయి.

అత్త


విశాఖపట్నం,
23 సెప్టెంబరు 2024

పెద్దత్తయ్యకు,

ఆగస్టంతా మీకు జవాబు రాయనందుకు క్షమించండి. నేనే వచ్చి చూస్తాననుకున్నాను. వచ్చినప్పుడు కూడా మీతో సరిగ్గా మాట్లాడలేదు. మీరు నా మొహం చూస్తూనే ఉన్నారు. నేను కొర్రమీను పులుసు బాగుందంటూ తప్పించుకున్నాను. సామర్లకోటలో రైలెక్కేటప్పుడు కూలీ లేకపోతే సురేంద్రే పెట్టెలు ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి "జాగ్రత్తండి, జాగ్రత్తండి" అంటూనే ఉన్నాడు.

పెట్టెలు లైబ్రరీకి తీసుకెళ్లాను. ల్యామినేషన్ వల్ల ఇబ్బందేమీ లేదన్నారు. అన్నీ తీసుకున్నారు. సుకుమార్ గారు చాలా సంతోషించారు. నంబర్లు వేస్తున్నారు. మీరిక ఆ సంగతి మనసులో పెట్టుకోకండి, కడుపు నిండా తిని నిద్రపోండి.

మీ
ప్రిస్కిల్లా


రామచంద్రపురం,
16 అక్టోబరు 2024

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి ఎనిమిది వారాల తర్వాత కడుపు నిండా తిన్నాను, నువ్వు రాసినట్టే. ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. యెహెజ్కేలు కాగితాలు యూనివర్సిటీలో చేరాయని. నా గొంతు నాకే వినపడదు కదా, గట్టిగానే చెప్పి ఉంటాను. పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. పాస్టరమ్మగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. స్థలం ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇంకొకటి విను. లోవలక్ష్మి ఆగలేక, పోయిన గురువారం ఆఫ్ దొరికితే నీకు కూడా చెప్పకుండా వైజాగ్ వచ్చి లైబ్రరీ చూసుకుని వెళ్లింది. గాజు బీరువాలో పెట్టారట. పైన మీ నాన్న పేరు రాసి ఉందట. బీరువా ఎంత ఎత్తుందో చెయ్యెత్తి చూపించింది. "నా కాగితం పై అరలోనే ఉందండి, బయటికే కనపడుతుందండి" అంది. వచ్చినప్పటి నుంచి కొంచెం నలతగా ఉంది, ప్రయాణం పడలేదేమో.

అది విన్నాక ఎవరూ ఆగడం లేదు. సురేంద్ర వ్యాను మాట్లాడుతున్నాడు. నవంబరు 25 సోమవారం ఇరవై ఆరు మందిమి వస్తున్నాం. నేను కూడా. చెవి మిషను పెట్టుకునే వస్తాను, సుకుమార్ గారితో మాట్లాడాలి కదా. మధ్యాహ్నం భోజనాలు ఎక్కడ బాగుంటాయో కనుక్కుని రాయి.

ఆశీస్సులతో
అత్త


విశాఖపట్నం,
28 అక్టోబరు 2024

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

అక్కడ గాజు బీరువా లేదు. నాన్న పేరు లేదు. లోవలక్ష్మి వచ్చింది నిజమే, మొన్న శుక్రవారం సుకుమార్ గారిని అడిగితే చెప్పారు. కాగితాలు మేం తీసుకోలేదమ్మా అని ఆయన ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పేశారట. కాసేపు బెంచీ మీద కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయిందట. వచ్చి మీకు అలా చెప్పింది. నేను రాసిన అబద్ధాన్ని ఆ పిల్ల నిలబెట్టింది.

జరిగింది ఇది. పెట్టె తెరిచి మొదటి కాగితం వెలుతురుకి పట్టుకుని సుకుమార్ గారు నన్నూ చూడమన్నారు. చెమ్మ లోపల ఉండిపోయింది. బయటికి పోయే దారి లేదు. ఆ చెమ్మకి సిరా నెమ్మదిగా కరిగి పాకింది, పైన బూజు నల్లగా పట్టింది. ప్లాస్టిక్ లాగి చూశారు. కాగితం పొరలుగా చీలి, రాత ప్లాస్టిక్‌తోపాటే వచ్చేసింది. మిగతావాటి పక్కన పెడితే వాటికీ బూజు పడుతుందన్నారు. ఆయనేం కఠినంగా మాట్లాడలేదు. తనే పెట్టెలు మోసుకొచ్చి నా ఆటోలో పెట్టారు.

పెట్టెలు నా మంచం కింద ఉన్నాయి. పోయేలోపు చదవగలిగినవి నోటుపుస్తకంలో ఎక్కిద్దామని ఆదివారాలు కూర్చుంటున్నాను. మొత్తం చదవగలిగినవి పదకొండు. వాటిలో లోవలక్ష్మిది లేదు, పెదబాబుది లేదు. చాలావాటి మీద పేరు కూడా తెలియడం లేదు.

ఇది మీ తప్పు కాదు. భద్రం చేయించమని రాశాను, ఎలాగో రాయలేదు. నాకూ తెలియదు. సెలవు దొరకదని రాశాను కదా, నేను సెలవు అడగనే లేదు అత్తయ్యా. ఆ గదిలోకి వెళ్లి ఆయన కుర్చీ చూడాలంటే భయమేసింది. రెండు రోజులు వచ్చి నేనే పెట్టెలు తెరిచి ఉంటే అవి ఈ పాటికి లైబ్రరీలో ఉండేవి.

వ్యాను వద్దని చెప్పండి. ఎలా చెబుతారో నాకు తెలియడం లేదు.

ప్రిస్కిల్లా


రామచంద్రపురం,
11 నవంబరు 2024

ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం ఒకసారి చదివాను. రెండోసారి తీయలేదు.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది. సెలవు అడగనందుకు కాదు. నిజం ఎందుకు రాశావు? నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ గాజు బీరువా నన్ను గట్టెక్కించి ఉండేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే సురేంద్ర మెషినులోకి కాగితం తోస్తుండటం, నేను పక్కన కూర్చుని ఇడ్లీ తింటుండటం కనపడుతోంది. మా తమ్ముడి చేతిరాతని నా చేత్తోనే ఒక్కొక్కటీ అందించాను. నాలుగు వందల పన్నెండు సార్లు.

సాయంత్రం లోవలక్ష్మి బీపీ చూడడానికి వచ్చింది. గాజు బీరువా ఎలా ఉందే అని మళ్లీ అడిగాను. ఈసారి తాళం కూడా ఉందంది, ఇత్తడి తాళమట. నా మొహంలోకి చూడకుండా చేతికి పట్టీ చుట్టింది. అవునా అన్నాను. తనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని తనకు తెలియకూడదు. ఆ పిల్లకి అంతకంటే నేను చేయగలిగింది లేదు.

సురేంద్రకు అసలు తెలియకూడదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ "మాస్టారి కాగితాలు నా చేత్తోనే చేశానండి" అని చెప్పుకుంటున్నాడు. వ్యాను సంగతి నేను చూసుకున్నాను. లైబ్రరీకి రంగులు వేస్తున్నారట, సంక్రాంతి దాటాక కూడా అంతమందిని లోపలికి రానివ్వరట, యూనివర్సిటీ రూలట అన్నాను. నమ్మారు. ముప్పై నాలుగేళ్లు అబద్ధం చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. నన్ను ఎవరూ అనుమానించలేదు.

కాలేజీ బిల్డింగు మొన్న పడగొట్టేశారు. మిషను చప్పుడు ఊరంతటికీ వినపడిందట.

ఆ పదకొండూ నాకు పంపకు. నీ దగ్గరే ఉంచుకో. మంచం కింద పెట్టెలు నువ్వు ఏం చేసినా నాకు రాయవద్దు. ఇక మీద ఉత్తరాల్లో వాన గురించీ వంట గురించీ రాసుకుందాం.

నిన్న చర్చి నుంచి వస్తుంటే పెదబాబు దారిలో సైకిలు దిగాడు. కూతుర్ని వెనక కూర్చోబెట్టుకున్నాడు. నాకు వినపడదని దగ్గరికి వచ్చి, పిల్లకి కూడా వినపడేలా అడిగాడు.

"మా కాగితం అక్కడ భద్రంగా ఉంది కదండి టీచరమ్మగారూ?"

"ఉంది బాబూ" అన్నాను. "భద్రంగా ఉంది."

పాపాయమ్మ